రెండు కుడికాళ్ళు

ఇలా దగ్గరకు జరుగు బుజ్జమ్మా, దుప్పటి కప్పుతాను. అనగనగా సముద్రపొడ్డున ఒక ఊరు. ఆ ఊరి చివర చిన్న విమానాలు దిగే మైదానం. అక్కడ హైమవతి అనే ఆవిడ విమానం నడపడం నేర్పేది.

హైమవతికి అత్తగారు ఉండేది, పేరు వీరరాఘవమ్మ. కోడలు ఆకాశంలో తిరగడం ఆవిడకి మనసొప్పేది కాదు. మూడేళ్ళు పిలిచినా రాలేదు. నాలుగో ఏడు ఒక పొద్దున, "సరే పద, నువ్వు చేసే పనేమిటో చూస్తాను" అని చెప్పులేసుకుంది.

అప్పుడు హైమవతి విమానం చుట్టూ తిప్పి చూపించింది. "ఇదిగో అత్తయ్యా, రెక్కల చివర కదిలే రేకులు, వీటిని రెప్పలంటాం. ఈ రెప్ప పైకి లేస్తే ఈ రెక్క కిందికి వాలుతుంది. అప్పుడే అవతలి రెప్ప కిందికి దిగి, ఆ రెక్కని లేపుతుంది. తోక మీద పడుకున్న రెప్ప ముక్కును ఎత్తుతుంది, దించుతుంది. నిలబడ్డ రెప్ప ముక్కును పక్కలకు తిప్పుతుంది. అది కాళ్ళ కింది పెడళ్ళతో కదులుతుంది, మిగతావి లోపల సీటు ముందుండే చేతికర్రతో."

"ఇంత రేకుముక్క అంత విమానాన్ని తిప్పుతుందా?"

"తిప్పేది గాలి అత్తయ్యా. రేకు గాలిని మళ్ళిస్తుంది, అంతే."

ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎగిరారు. కింద పడవలు చింతగింజలంత కనిపించాయి. వీరరాఘవమ్మ కాసేపటికి కళ్ళు తెరిచి చూసింది కూడా.

తిరిగి వద్దామని హైమవతి ఎడమకి మళ్ళించింది. అప్పుడు ఒక గద్ద వచ్చి ఎడమ రెక్క చివర కొట్టుకుంది. రేకు నొక్కుకుపోయి, పైకి లేచిన రెప్ప అలాగే బిగుసుకుపోయింది. విమానం ఎడమకి వాలుతూనే ఉంది.

హైమవతి చేతికర్రని కుడికి నెట్టింది. కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టింది. ఎక్కడో కిర్రుమంది, తీగ తెగుతుందేమోనని వదిలేసింది. మూడోసారి చెయ్యి కాదు, కుడికాలు వాడింది. పెడలు తొక్కగానే ముక్కు కుడికి తిరిగింది. అలా తిరిగేటప్పుడు ఎడమ రెక్క బయటివైపున వేగంగా పోతుంది కదా, దానికి ఎక్కువ గాలి తగిలి, మెల్లగా పైకి లేచింది.

కానీ కాలు తీస్తే మళ్ళీ వాలిపోతుంది. మైదానం ఇంకా దూరం. ఒక్క కాలి బలం చాలేలా లేదు.

"ఏమయిందే హైమా?" అంది అత్తగారు.

"ఎడమ రెప్ప ఇరుక్కుంది అత్తయ్యా. మీ ముందు కూడా పెడళ్ళు ఉన్నాయి, నేర్పే విమానం కదా. కుడిదాని మీద కాలు పెట్టి నాతోపాటు తొక్కండి."

వీరరాఘవమ్మ చెప్పు విడిచి, కాలు పెట్టింది. "ఇంతేనా, ఇంకానా?"

"కొంచెం తగ్గించండి. ఆఁ, అలాగే ఉంచండి."

అలా ఇద్దరూ కలిసి తొక్కుతూ మైదానం దాకా వచ్చారు. నేల దగ్గరపడగానే హైమవతి చేతికర్రని వెనక్కి లాగింది. అటు మాత్రం అది బాగానే కదిలింది. తోక మీది రెప్ప లేచింది, తోక దిగింది, ముక్కు కాస్త పైకి ఎత్తుకుంది. మొదట ఎడమ చక్రం, ఆ తర్వాత కుడి చక్రం, చివరికి ముందు చక్రం నేలకి తాకాయి.

విమానం ఆగాక వీరరాఘవమ్మ విడిచిన చెప్పు వెతికి తొడుక్కుని దిగింది.

ఇంటికొచ్చాక మామగారు అడిగారు, "కోడలు విమానం ఎలా నడిపిందేమిటి?" అని.

వీరరాఘవమ్మ మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "బాగానే నడిపాం" అంది.

కథ నడిచె కంచికి,
కునుకు నడిచె కంటికి.