మారెన్న మాట

ఊ కొట్టేవాళ్ళు ముందుకు జరగండి, కునుకు తీసేవాళ్ళు వెనక్కి జరగండి. అనగనగా ఒక ఊరు. ఎప్పటి సంగతంటే, మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పేనాటికే పాతబడిన సంగతి. ఆ ఊరికి ఒక ఏరు. పేరుకే ఏరు. పదకొండు నెలలు ఇసుక, ఒక్క నెల నీళ్ళు.

ఆ ఊళ్ళో మారెన్న అని ఒకడుండేవాడు. తప్పెట కొట్టి చాటింపు వేయడం అతని పని. ఎద్దు తప్పిపోయినా మారెన్నే, ఎవరైనా పోయినా మారెన్నే. వాడ మొదట నిలబడేవాడు. బావి దగ్గర నిలబడేవాడు. చివరికి రెడ్డి వాకిట్లో నిలబడేవాడు. మూడు చోట్లా మూడేసి దెబ్బలు కొట్టి, "వినండహో" అని చెప్పమన్నది చెప్పేవాడు. తన మాట ఒక్కటీ కలిపేవాడు కాదు. చాటేవాడికి సొంత మాట ఉండకూడదు, అది ఊరి కట్టుబాటు.

ఒక ఎండాకాలం ఊరిపెద్ద నరసారెడ్డి అతన్ని పిలిచాడు.

"ఒరే మారెన్నా, ఈతూరి పరస ఏట్లోనే పెడదాం. ఇసుక మెత్తగుండాది, చోటు శానా ఉండాది. చాటిరాపో."

పరస అంటే తిరునాళ్ళ. మారెన్న మూడు చోట్లా చాటాడు. ఊరంతా ఏట్లోకి దిగింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎక్కడో పైన కొండల్లో వాన పడిందని ఎవరికి తెలుసు? మధ్యాహ్నానికి ఏరు వచ్చింది. పద్నాలుగు మందిని తీసుకుపోయింది. అందులో మారెన్న భార్య తిప్పక్క ఒకతె.

మిగిలినవాళ్ళు ఏమన్నారు? "మారెన్న చాటినాడు, మనం పోయినాం" అన్నారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, తప్పంతా తప్పెట మీద పడింది. నరసారెడ్డి విన్నాడు. విని ఇంట్లోకి పోయాడు.

నెల తిరిగాక ఎవరిదో ఆవు తప్పిపోయింది. మారెన్న వాడ మొదట నిలబడ్డాడు. చేయి లేచింది. పుల్ల లేచింది. దెబ్బ పడలేదు. చెవుల్లో ఏరు హోరెత్తింది. అక్కడే కూలబడ్డాడు.

"మారెన్నకు గాలి సోకింది" అంది ఊరు.

వేపమండలతో కొట్టారు. తెల్లారి తప్పెట చేతికిచ్చారు. చేయి లేచింది. పుల్ల లేచింది. దెబ్బ పడలేదు.

మెడలో తాయెత్తు కట్టారు. చేయి లేచింది. పుల్ల లేచింది. దెబ్బ పడలేదు.

మిరపకాయల పొగ పెట్టారు. పొగ పెట్టినవాడే మూడు రోజులు దగ్గాడు. మారెన్న చేయి లేచింది, పుల్ల లేచింది, దెబ్బ మాత్రం పడలేదు.

ఇక ఊరు ఒక మాట అనుకుంది. ఏడు ఊళ్ళ అవతల కొండ మీద ఒక గుడి ఉంది. మతి తప్పినవాళ్ళను అక్కడ స్తంభానికి గొలుసుతో కట్టేసేవారు. పది మంది పోతే ఒకడు తిరిగొచ్చేవాడు. ఆ వచ్చినవాడూ నోరు విప్పేవాడు కాదు. సోమవారం పొద్దున బండి కట్టారు. బండిలో గొలుసు పెట్టారు. మారెన్నకు భయం వేసింది. చచ్చిపోతానని కాదు, అలా నోరు లేకుండా బతకాల్సి వస్తుందని.

"సామీ, ఒక్క చాటింపు వేసి వస్తా. ఆనక ఎక్కుతా" అన్నాడు నరసారెడ్డితో.

"ఏం చాటతావురా?"

"నా సంగతి."

అట్లాంటి చాటింపు ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. పోయేవాడు కదా, పోనీలే అనుకున్నారు.

మారెన్న వాడ మొదట నిలబడ్డాడు. దెబ్బ పడదని అతనికి తెలుసు. తప్పెటను నేల మీద పెట్టాడు. ఉత్త నోటితో అన్నాడు.

"వినండహో. నేను మారెన్నను. తప్పెట ముట్టుకుంటే నాకు ఏరు వినపడతాది. నా పెండ్లాం పిలిచినట్టుంటాది. ఇది గాలి కాదు. ఇది నాకు జరిగిన సంగతి."

జనం నవ్వారు.

బావి దగ్గర నిలబడ్డాడు. అదే మాట చెప్పాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు. చేద లాగుతున్నవాళ్ళు లాగడం ఆపారు.

రెడ్డి వాకిట్లో నిలబడ్డాడు. అదే మాట మూడోసారి చెప్పాడు. లోపలి నుంచి రెడ్డి భార్య ఓబులమ్మ గడప దగ్గరికి వచ్చింది. పరస నాటి నుంచి ఆమెను ఊరు చూడలేదు. వ్రతంలో ఉందని రెడ్డి చెప్పేవాడు. అంత పొడుగు వ్రతం ఏ దేవుడు అడిగాడో ఎవరూ అడగలేదు.

"మారెన్నా, నాకూ అంతే" అంది ఆమె. "చెంబులో నీళ్ళు చూస్తే వణుకుతాండా. మా చెల్లెలి చేయి నా చేతిలోంచే జారిపాయ. నాకూ గొలుసు తెచ్చినారేమో అడుగు."

నరసారెడ్డి భార్యను చూశాడు. బండిని చూశాడు. పెద్దరికం పక్కన పెట్టి మారెన్న ఎదుటికి వచ్చాడు. వచ్చాక, "పరస ఏట్లో పెట్టమన్నది నేను. నోరు మాత్రమే మారెన్నది, మాట నాది" అన్నాడు. అని ఏడ్చాడు. ఊరిపెద్ద ఏడవడం ఊరు చూసింది, ఊరికేమీ కాలేదు. బండి ఎద్దులను విప్పేశారు.

మారెన్నకు నయమైందా అని అడుగుతారు పిల్లలు. కాలేదు. కొన్నాళ్ళు దెబ్బ పడేది, కొన్నాళ్ళు పడేది కాదు. పడని రోజు నోటితోనే చాటేవాడు. ముందు తన సంగతి చెప్పేవాడు, తర్వాత ఊరి సంగతి. ఓబులమ్మ కొన్నిసార్లు గడప దాటేది, కొన్నిసార్లు దాటేది కాదు. మారెన్న ముసలివాడై, అందరిలాగే జ్వరమొచ్చి పోయాడు.

ఇప్పుడు ఆ ఊళ్ళో చాటింపు ఆటోకు కట్టిన మైకులో వేస్తారు. అయినా మైకువాడు ముందు తన సంగతి చెప్పాల్సిందే. పెళ్ళి పిలుపుకొచ్చినా, చావు కబురు తెచ్చినా, "ముందు మారెన్న మాట కానీయప్పా" అంటారు. వచ్చినవాళ్ళు బాగుంటే బాగున్నామంటారు. బాగలేకపోతే బాగలేదంటారు. బాగలేదన్నవాడికి ఆ ఊళ్ళో ఎవరూ మందు చెప్పరు. అరుగు మీద కాస్త జరిగి చోటిస్తారు.