బకెట్టుకిచ్చేసిన రంపాలు

అనగనగా కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో వరహాలు అని ఒక అమ్మాయి ఉండేది. కాళ్ళు లోపలికి పెట్టుకో తల్లీ, దోమలు కుడతాయి. ఆఁ, అలాగ. ఆ వరహాలుకి వడ్రంగం అంటే ప్రాణం. ఆడపిల్లకి వడ్రంగమేమిటని ఊళ్ళో అందరూ నవ్వారు. మాణిక్యాచారిగారు ఒక్కరే నవ్వలేదు. "లోపలికి రామ్మా, ఆ చెక్క అటు చివర పట్టుకో" అన్నారు.

ఆయన దగ్గర మూడేళ్ళు ఉంది. మొదటి ఏడు పొట్టు ఊడ్చింది. రెండో ఏడు చిత్రిక పట్టింది. మూడో ఏడు రంపం పట్టింది. అప్పటికి ఆచారిగారి చేతులు వణకడం మొదలైంది. గీత మీద రంపం నిలిచేది కాదు.

అప్పుడు ఒకరోజు ఆయన గోడకున్న మూడు రంపాలు దించారు. ఒకటి చెక్కని నిలువుగా చీల్చేది. ఒకటి అడ్డంగా కోసేది. ఇంకోటి వీపున ఇత్తడి బద్ద ఉన్న బుల్లి రంపం, సన్న పనికి. మూడూ ఆచారిగారి నాన్నగారు వాడినవి. చెయ్యి రాసుకుని రాసుకుని పిడులు చింతగింజల్లా నున్నగా అయిపోయాయి. రేకుల మీద మాత్రం తుప్పు మచ్చలున్నాయి.

"ఇక నీకు సొంత రంపాలు కావాలి కదా" అన్నారు. "కొత్తవి కొనుక్కుంటానంటే కొనుక్కో, తప్పేం లేదు. కావాలంటే ఇవి పట్టుకెళ్ళు. కొత్తదైనా పాతదైనా చూడాల్సింది మూడే. రేకు వంకర లేకుండా ఉండాలి. పిడి చేతిలో ఇమడాలి. పళ్ళు మొద్దుబారితే ఆకురాయితో మళ్ళీ పదును పెట్టుకునేలా ఉండాలి."

ఆకురాయంటే ఇనుముని అరగదీస్తారే, అది. మొన్న తాతయ్య తలుపు గడియకి రాశారు చూడు, అదే.

వరహాలుకి కొత్తవి కొనుక్కోవాలని మనసులో ఉంది. కానీ ఆయన మొహం చూసి చెప్పలేకపోయింది. రెండు చేతులూ చాచి తీసుకుంది.

ఆ తర్వాత పట్నంలో ఒక ఇంటికి కిటికీల పని దొరికింది. అక్కడ ఇంకో ముగ్గురు వడ్రంగులున్నారు. వాళ్ళు సంచుల్లోంచి తళతళలాడే రంపాలు తీశారు, పసుపు పిడులవి. వరహాలు తన గోనె మూట విప్పింది. ఒకతను చూసి, "ఇవెక్కడివమ్మా, మీ ఊళ్ళో బావి తవ్వితే దొరికాయా?" అన్నాడు. మిగతా ఇద్దరూ నవ్వారు.

వరహాలుకి చెవులు వేడెక్కిపోయాయి. అసలే ఆడపిల్లని వింతగా చూస్తున్నారు, దానికి తోడు ఈ తుప్పొకటి. ఆ వేళంతా కోత గీత తప్పుతూనే ఉంది. రంపాలది తప్పు కాదు. చెయ్యి బెదిరిపోయింది.

సాయంత్రం కొట్టుకెళ్ళి మూడు కొత్త రంపాలు చూసింది. రేకు చూసింది, వంకర లేదు. పిడి పట్టుకుంది, ఇమిడింది. మూడో సంగతి అడగాలని గుర్తొచ్చింది. అడిగితే వద్దనుకోవాల్సి వస్తుందేమోనని అడగలేదు. కొనేసింది.

మర్నాడు పొద్దున్న వరహాలు వాళ్ళ వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. "పాత ఇనుముకి బకెట్లూ, మగ్గులూ" అని అరుచుకుంటూ వచ్చాడు ఆ బండి అతను. ఇంట్లో అమ్మ లేదు, పొలానికెళ్ళింది. వరహాలు అటు చూసింది, ఇటు చూసింది. గోనె మూట పట్టుకెళ్ళి బండి మీద పెట్టింది. అతను తూకం వేసుకుని ఒక నీలం బకెట్టు ఇచ్చాడు.

ఊఁ కొడుతున్నావా? సరే.

కొత్త రంపాలు బాగానే కోశాయి. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. కానీ రోజూ ఆ బకెట్టులో నీళ్ళు పట్టేటప్పుడు మాత్రం వరహాలు మొహం పక్కకి తిప్పుకునేది.

ఒకరోజు సంతలో ఆచారిగారు ఎదురయ్యారు. "రంపాలు ఎలా కోస్తున్నాయమ్మా?" అని అడిగారు. "బాగా కోస్తున్నాయండీ" అంది. ఏ రంపాలో చెప్పలేదు. ఆయన సంతోషపడి, పక్కనున్న కూరలావిడతో "మా పిల్ల" అని చెప్పుకున్నారు. వరహాలు కూరలు కొనకుండానే ఇంటికొచ్చేసింది.

ఇంకో నెలకి ఆయన కబురు పెట్టారు. "మంచి ఆకురాయి తెప్పించాను. రంపాలు పట్టుకురా, పదును పెట్టడం నేర్పుతాను. నా కళ్ళు ఆనుతుండగానే నేర్చేసుకో" అని. వరహాలు ఏమందో తెలుసా? "పని దగ్గరే వదిలేసి వచ్చానండీ" అని తిరుగు కబురు పంపింది.

అప్పటికి కొత్త రంపాలు మొద్దుబారాయి. ఆకురాయి అరువు తెచ్చి రాసి చూసింది. గాజు మీద రాసినట్టు జారిపోయింది. కొట్టువాణ్ణి అడిగితే, "వీటి పళ్ళు గట్టిగా కాల్చి చేస్తారమ్మా. ఆకురాయి దిగదు. అరిగితే పారేసి ఇంకోటి కొనుక్కోవడమే" అన్నాడు. ఆవేళ అడిగి ఉంటే ఆవేళే చెప్పేవాడు.

మూడోసారి ఆచారిగారే వచ్చారు. ఎండలో, కర్ర పట్టుకుని, ఆకురాయి తుండుగుడ్డలో చుట్టుకుని, ఊరి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి వచ్చారు. "నువ్వు పనుల్లో పడి రాలేకపోతున్నావని నేనే వచ్చాను" అని అరుగు మీద కూర్చున్నారు. దాహం అన్నారు.

వరహాలు లోపలికెళ్ళింది. ఇంట్లో నీళ్ళున్నది ఆ నీలం బకెట్టులోనే. గ్లాసు ముంచింది. తెచ్చి ఇచ్చింది. ఆయన చెయ్యి వణికి సగం నీళ్ళు పంచె మీద ఒలికాయి. మిగతా సగం తాగి, "చల్లగా ఉన్నాయమ్మా" అన్నారు.

ఆ మాటకి వరహాలు ఇక నిలబడలేకపోయింది. లోపలికెళ్ళి బకెట్టు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆచారిగారూ, మీ రంపాలు ఇవేనండి" అంది. "బండి అతనికి వేసేసి, ఇది తీసుకున్నాను."

ఆయన బకెట్టు వంక చూశారు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, కర్ర అందుకుని లేచారు. తిట్టలేదు. తిడితే బాగుండునని వరహాలు అనుకుంది. ఆకురాయి తుండుగుడ్డలో ఎలా తెచ్చారో అలాగే చుట్టుకుని పట్టుకెళ్ళిపోయారు.

ఆ తర్వాత వరహాలు పాత ఇనుప కొట్లన్నీ వెతికింది. మొదటి కొట్లో అసలు గుర్తులేదన్నారు. రెండో కొట్లో, రెండు రంపాలు కమ్మరి పట్టుకెళ్ళి కత్తిపీటలు చేసేశాడన్నారు. మూడో కొట్లో, అడ్డంగా కోసే రంపం కనిపించింది. పిడి విరిగిపోయింది. ఆ కొట్టాయన దానితో కొబ్బరి మట్టలు కోసుకుంటున్నాడు. వరహాలు బతిమాలి, తన కొత్త రంపాల్లో ఒకటి ఆయనకిచ్చి దాన్ని తెచ్చుకుంది.

అప్పుడు దాన్ని పట్టుకుని ఆచారిగారింటికెళ్ళింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రమ్మని ఆయన అనలేదు, పొమ్మనీ అనలేదు.

"ఒక్కటే దొరికిందండీ" అంది.

"ఇచ్చాక అవి నీవి" అన్నారాయన. "అమ్ముకో, పారేసుకో, నేనడగను. వద్దని ముందే చెప్పొచ్చు కదా. అబద్ధం ఎందుకాడావు?"

"సిగ్గేసిందండీ."

"రంపాల్ని చూసి సిగ్గేసిందా, నన్ను చూసా?"

ఆ రెండోది నిజమని వరహాలుకి అప్పుడే తెలిసింది. పట్నంలో ఆ ముగ్గురు వడ్రంగులూ నవ్వినప్పుడు, ఈ వణికే ముసలాయన తన గురువని వాళ్ళకి తెలియకూడదనుకుంది. అది పైకి చెప్పలేక గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆయనకి అర్థమైపోయింది. గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

పొద్దు వాలుతుంటే ఇటు తిరిగి, "ఏదీ, ఇలా తే" అన్నారు. రంపం ఎత్తి, ఒక కన్ను మూసి, అంచు పొడవునా చూశారు. "రేకు వంగలేదు" అన్నారు.

ఆ తర్వాత మూడు రోజులు పదును పెట్టించారు. మొదటి రోజు ఇటుక పొడితో తుప్పు రుద్దింది. రెండో రోజు పిడి చెక్కింది. మూడో రోజు పళ్ళు. ఆయన చేతులు వణుకుతాయి కదా, అందుకని ఆయన చెప్తుంటే ఆమె రాసింది. ఒక్కో పన్నూ, ఒక్కో పన్నూ. తప్పు రాస్తే "ఊహూఁ" అనేవారు. అంతకుమించి ఒక్క మాట లేదు. ఇదివరకులా "మా పిల్ల" అనలేదు.

ఒక వైపు నుంచి పళ్ళన్నీ రాయడం అయ్యాక వరహాలు లేచి, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, "ఇక రావద్దంటే రానండీ" అంది.

ఆయన ఒళ్ళోని ఇనుప రజను దులుపుకున్నారు. "రెండో వైపు ఎవరు రాస్తారు? రేపు రా" అన్నారు.

వరహాలు మర్నాడు తెల్లారకుండానే వెళ్ళింది.

కథ నడిచి నడిచి కంచికి చేరింది,
కునుకు వెతికి వెతికి కంటికి చేరింది,
నువ్వూ నేనూ దుప్పట్లో దూరి
ఇంటికొచ్చేశాం, బజ్జో మరి.