రంగునీళ్ళు

కొండ కింద ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి నీళ్ళు కొండ మీది మడుగు నుంచి వచ్చేవి. ఆ నీళ్ళకి ఒక గుణం ఉంది. అవి చూసినదాన్ని మరిచిపోవు.

కడవలో ఆ నీళ్ళు నింపి, మూత తీసి దేని ముందైనా కాసేపు ఉంచితే చాలు, ఎదురుగా జరిగినదంతా లోపల దాచుకునేవి. మూత పెట్టి ఎంత దూరమైనా మోసుకురావచ్చు. తెచ్చి వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో పోస్తే, చూసింది చూసినట్టు చూపించేవి. కావడి మనుషులు సంతలకీ, రేవులకీ, పొరుగూళ్ళ పెళ్ళిళ్ళకీ వెళ్ళి కడవలకి లోకాన్ని చూపించి తెచ్చేవారు. సాయంత్రం బజారులో పళ్ళెం చుట్టూ జనం చేరేవారు. సంతలో ఏ సరుకు దిగిందో, ఏటి అవతల ఎవరి గడ్డివాము తగలబడిందో అక్కడే తెలిసేది. చూడడం అయ్యాక ఆ నీళ్ళు ఎవరో ఒకరు బీరపాదుకి పోసేవారు. “నీళ్ళలో కనబడింది” అంటే ఇంక దానిమీద మాట ఉండేది కాదు.

ఆ ఊళ్ళో బట్టలకి రంగులద్దే ఒకావిడ ఉంది. అందరూ రంగులావిడ అనేవారు. ఆవిడకున్న జబ్బల్లా ఒకటే. కొత్తదేదైనా కంటబడితే దాన్ని కదిపి చూడందే ఆవిడకి తోచదు. పటిక తగ్గిస్తే ఎరుపు ఏమవుతుంది, ఎండకి బదులు నీడలో ఆరేస్తే నీలం ఏమవుతుంది, ఎప్పుడూ ఇదే ధ్యాస.

ఒకరోజు ఆవిడ పళ్ళెం మీదికి వంగి చూస్తూంటే వేలి కొస నుంచి ఎర్రటి చుక్క ఒకటి నీళ్ళలో పడింది. పళ్ళెంలో నడిచిపోతున్న తెల్లావు ఎర్రావు అయింది. దాని నడక ఆగలేదు, తోక ఊపడం ఆగలేదు. ఇంకెవరూ గమనించలేదు. ఆవిడ మాత్రం ఊపిరి బిగబట్టి, ఆ ఆవు సందు మలుపు తిరిగి మాయమయ్యేదాకా చూసింది.

ఆ మర్నాటి నుంచి ఆవిడ బట్టల పని పక్కన పెట్టి నీళ్ళ మీద పడింది. కరక్కాయ కషాయం వేస్తే మనుషులు కరిగిపోతున్నారు. గంజి చుక్క వేస్తే కదలకుండా నిలబడిపోతున్నారు. సన్నటి వెదురుపుల్లతో జాగ్రత్తగా జరిపితే ఇక్కడి మనిషి అక్కడికి వెళ్ళి నిలబడుతున్నాడు. ఎందుకమ్మా ఇదంతా అని ఎవరైనా అడిగితే ఆవిడ నవ్వేసేది. “ఏమవుతుందో చూద్దామని.”

ఊరికి అది గొప్ప వేడుక అయింది. ఒక సాయంత్రం ఊరిపెద్ద గారి గేదెకి ఆయన మీసాలే పెట్టి పళ్ళెంలో నడిపిస్తే ఆయన కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. మొగుడు పోయిన మామ్మ ఒకావిడ వచ్చి, పాత కడవ ఒకటి ముందు పెట్టి, “మా ఆయన ఇందులో ఉన్నాడే. ఒక్కసారి నవ్వించి చూపించవే” అంది. రంగులావిడ నవ్వించింది. మామ్మ చాలాసేపు చూసి, నీళ్ళు తులసికోటలో పోసుకుని వెళ్ళిపోయింది.

విద్య దాగేది కాదు. చూసినవాళ్ళు నేర్చుకున్నారు, నేర్చుకున్నవాళ్ళు చేశారు.

ఒకరోజు పరాయి ఊరి మనిషి కడవ తెచ్చాడు. అందులో కుమ్మరి వాళ్ళమ్మాయి బావి దగ్గర నీళ్ళు తోడుకుంటోంది. వెనక సత్రం అరుగు మీద ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. “ఈ పిల్లని తీసుకెళ్ళి ఆ సత్రం అరుగు మీద, ఆ కుర్రాడి పక్కన కూర్చోబెట్టగలరా?” అని అడిగాడతను. ఎందుకో అతను చెప్పలేదు, ఆవిడా అడగలేదు. మనిషితో పాటు నీడ కూడా కదులుతుందా అన్నదొక్కటే ఆవిడ ఆలోచన. కదిలింది. నీడ కూడా ఒద్దికగా వెళ్ళి అరుగు మీద పడింది. ఆవిడ చిన్నపిల్లలా సంబరపడింది.

వారం తిరక్కుండా ఆ నీళ్ళు మగపెళ్ళివారి కంటబడి, కుమ్మరి వాళ్ళమ్మాయి సంబంధం తప్పిపోయింది. సంగతి తెలిసి రంగులావిడ మగపెళ్ళివారి ఊరికి పరుగెత్తింది. “అది నేను చేసిన బొమ్మ. ఆ పిల్ల ఆ సత్రం గడప తొక్కలేదు” అని చెప్పింది. వాళ్ళు ఆవిడకి మజ్జిగ ఇచ్చి మర్యాదగానే కూర్చోబెట్టారు. “అప్పుడు అబద్ధం చేశానంటున్నారు. ఇప్పుడు నిజం చెబుతున్నారని మాకెలా తెలుస్తుందండీ?” అన్నారు. ఆవిడ మజ్జిగ తాగకుండానే లేచి వచ్చేసింది. ఆ రోజు నుంచి కుమ్మరి వాళ్ళమ్మాయి వీధిలో ఆవిడ ఎదురైతే తల తిప్పుకునేది.

కొన్నాళ్ళకి ఒక కడవలో ఊరిపెద్ద కనిపించాడు. మడుగు కట్టలోంచి చెక్కిన రాళ్ళు పెకిలించి బండికెత్తిస్తున్నాడు. ఆయన ఇంటి వెనక పశువుల కొట్టం అప్పుడే లేస్తోంది. జనం పళ్ళెం మీంచి తలలెత్తి ఆయన వంక చూశారు. ఆయనకి చెమటలు పట్టాయి. నోటికొచ్చిన మాట అనేశాడు. “రంగునీళ్ళు!”

జనం మళ్ళీ పళ్ళెం వంక చూశారు. అవునో కాదో తేల్చే దారి ఎవరికీ తెలియదు మరి. ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారు. ఆ మాట అంత బాగా పనిచేసినందుకు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే.

అటు తరవాత ఊళ్ళో ఆ మాట వినబడని రోజు లేదు. దొంగ దొరికితే రంగునీళ్ళు అనేవాడు. దొర దొరికినా అదే అనేవాడు. కొడుకు క్షేమంగా రేవు దాటాడని కడవ వస్తే తల్లి సంతోషించాలో వద్దో తెలియక మూత పెట్టేసేది. జనం సాయంత్రాలు ఇంకా పళ్ళెం చుట్టూ చేరేవారు గానీ, నవ్వొస్తే నవ్వి, కోపమొస్తే తిట్టి, దులిపేసుకుని వెళ్ళిపోయేవారు. మొదట్లో “ఇది అసలుదా, కలిపిందా?” అని రంగులావిడని అడిగేవారు. తరవాత అడగడం కూడా మానేశారు.

వానలు మొదలయ్యే ముందు ఒక కావడి మనిషి కొండ దిగి రొప్పుతూ వచ్చాడు. కడవ పళ్ళెంలో కుమ్మరించాడు. మడుగు కట్ట కనిపించింది. కట్ట నడుం దగ్గర రాళ్ళు లేని చోట మట్టి జారుతోంది. సన్నటి ధార ఒకటి బయటికి కారుతోంది.

“రంగునీళ్ళు,” అన్నాడు ఊరిపెద్ద, ఆవలిస్తూ.

“నా కళ్ళతో చూశానండీ! నా కాళ్ళు తడిశాయి!” అన్నాడు కావడి మనిషి.

“కాలవలో దిగినా కాళ్ళు తడుస్తాయి.”

కావడి మనిషి గిర్రున తిరిగి రంగులావిడ చెయ్యి పట్టుకున్నాడు. “అక్కా, నువ్వు చెప్పు. నీకంటే తెలిసినవాళ్ళెవరు?”

ఆవిడ వంగి చూసింది. వాసన చూసింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ధార కింద నీడ సరిగ్గానే ఉంది. కానీ తను చేసినా అంత సరిగ్గానే ఉంటుంది. “నాకు తెలియడం లేదు తమ్ముడూ,” అంది. ఆ మాట అంటుంటే ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

ఇంటికెళ్తూ దారిలో మామ్మ గుమ్మం ముందు ఆగింది. మామ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

“మామ్మా, నీకు నేనొకటి చెప్పాలి. ఆవేళ మీ ఆయన నవ్వింది నిజం కాదు.”

“నాకు తెలియదటే? ఆ మనిషి జన్మలో నవ్వి ఎరగడు.”

రంగులావిడ తెల్లబోయింది. “మరి అంతసేపు చూశావే!”

“బావుంది, చూశాను. బావుందని నమ్ముతామా ఏమిటి? ఆయనతో కాపురం చేసినదాన్ని నేను. నీ పళ్ళెం చేసిందా?”

రంగులావిడ ఇంటికి వెళ్ళలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని అటునుంచి అటే కొండ దారి పట్టింది. భయంతో కాదు. తెల్లావు ఎర్రావు అయినరోజు పట్టిన ఆత్రమే మళ్ళీ పట్టింది. అసలు అక్కడ ఏముంది?

కట్ట మీద గాలి చల్లగా ఉంది. నడుం దగ్గర, రాళ్ళు తీసేసిన గుంటల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళెంలో చూసినదానికంటే ధార కాస్త లావైంది. ఆవిడ ఒక గుంటలో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా వెళ్ళింది. ఇంకా తోసింది, భుజం దాకా వెళ్ళింది. లోపల మడుగంతా తన అరచేతిని నెడుతున్నట్టు అనిపించింది. దాన్ని ఎవరూ వెదురుపుల్లతో జరపలేరు. చేతికందిన రాళ్ళన్నీ కుక్కింది. నీళ్ళు వాటిని ఉమ్మేశాయి.

తడి బట్టలతోనే బజారులోకి వచ్చింది. “కట్ట కారుతోంది. చూసొచ్చాను.”

“నీళ్ళు తెచ్చావా?” అన్నారు నలుగురు ఒక్కసారే.

“తెస్తే నమ్ముతారా?”

జనం మొహాలు చూసుకున్నారు. “నమ్మం,” అన్నాడొకడు నిజాయితీగా.

“మరెందుకు అడగడం?”

ఊరిపెద్ద అరుగు మీంచి నవ్వాడు. “ఊరికి అబద్ధం నేర్పిన మనిషి మాట మీద ఇప్పుడు మనం కొండెక్కాలా?”

“నా మాట నమ్మొద్దు,” అంది రంగులావిడ. “నమ్మమని అడగడానికి నేను రాలేదు. వచ్చి, నేను అబద్ధమాడానని తేల్చండి. తేలితే అక్కడే నిలబెట్టి నలుగురూ తిట్టండి.”

ఎవరూ కదల్లేదు. వెనకనుంచి కుమ్మరి వాళ్ళమ్మాయి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. “నేనొస్తాను. నిన్ను తిట్టే అవకాశం వదులుకోను.” ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కొండెక్కారు.

చీకటి పడే వేళకి కూడా ఇద్దరూ తిరిగి రాలేదు. పిల్ల కోసం కుమ్మరి వెళ్ళాడు. అతనూ రాలేదు. పొద్దున్నే కుమ్మరి అన్నదమ్ములు వెళ్ళారు. వాళ్ళలో ఒకడు మాత్రం ఒళ్ళంతా మట్టితో దిగి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లో రుబ్బురోలు దొర్లించుకుని మళ్ళీ పైకి పోయాడు. అది చూశాక ఊళ్ళో ఎవరికీ కాలు నిలవలేదు. రోలు ఎందుకో చూసొద్దామని కొందరు, వెళ్ళినవాళ్ళు ఏమయ్యారో చూసొద్దామని కొందరు, ఇదంతా వట్టిదని తేల్చొద్దామని ఇంకొందరు బయల్దేరారు. తేల్చబోయినవాళ్ళే ముందుగా పరుగున దిగివచ్చి గడప రాళ్ళు పెకిలించుకుపోయారు.

రాళ్ళు లేని గుంటల ముందు అందరూ చేరారు. “ఇక్కడి రాళ్ళు ఎటు పోయాయో మనకి ఒకసారి కనబడింది,” అంది మామ్మ. ఆవిడని ఎవరు మోసుకొచ్చారో తెలియదు. “కనబడితే నవ్వుకుని ఇంటికెళ్ళాం.”

ఆ తరవాత మాటలు తక్కువ, పని ఎక్కువ. గంపలు చేతులు మారుతున్నాయి. కుమ్మరి వాళ్ళమ్మాయి పక్కన నిలబడ్డ రంగులావిడ ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకున్నది చెప్పబోయింది.

“గంప అందుకో,” అంది ఆ పిల్ల. ఆవిడ అందుకుంది.

కింద ఊరిపెద్ద, ఆయన ఇల్లాలు, ఇంకో నాలుగిళ్ళవాళ్ళు మాత్రం మిగిలారు. ఇల్లాలు రోజూ గుమ్మంలో నిలబడి కొండ వైపు చూసేది. “ఒక్కసారి వెళ్ళొస్తానండీ” అనేది. “పిచ్చివాళ్ళతో నీకేం పని?” అనేవాడాయన.

వానలు వచ్చాయి. మడుగు నిండింది. కట్ట నిలిచింది. వానలు వెనకబట్టాక ఊరు ఊరంతా అలిసిపోయి దిగి వచ్చింది.

ఊరిపెద్ద బజారులో నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు. “చూశారా? వరద వచ్చిందా? కట్ట తెగిందా? రంగునీళ్ళని నేను ముందే చెప్పాను.”

మిగిలిన నాలుగిళ్ళవాళ్ళూ తలలూపారు. “మేం పూడ్చాం కాబట్టి తెగలేదు!” అన్నాడు కావడి మనిషి.

“పూడ్చారా? ఏదీ, ఆ నీళ్ళు చూపించండి.”

అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి. అన్నాళ్ళూ కొండ మీద ఉండి ఒక్కరూ ఒక్క కడవ మూత తియ్యలేదు. చేతులు ఖాళీ లేవు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, కడుపు నొప్పెట్టేలా నవ్వారు. రంగులావిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఎవరూ ఆయనతో వాదించలేదు. ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు.

వాదిస్తే ఆయన హాయిగా నిద్రపోయేవాడు. ఆ నవ్వే ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఒకరోజు తెల్లవారగానే, ఎవరికీ చెప్పకుండా, కర్ర పట్టుకుని కొండెక్కాడు.

కట్ట నడుం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఊరి రోళ్ళన్నీ అక్కడ ఉన్నాయి. తిరగళ్ళు, గడప రాళ్ళు, బట్టలుతికే బండలు, ఒకదాని మీద ఒకటి, మట్టి మెత్తి బిగించి ఉన్నాయి. అన్నిటికంటే పైన, నీటి మట్టం అందని చోట, ఒక గుంట ఖాళీగా ఉంది. ఒక రోలు పట్టేంత. రాయి చాలక వదిలేశారో, చాలినా వదిలేశారో ఆయనకి తెలియలేదు. ఆ గుంటలో చెయ్యి పెట్టి చూసి, తీసి, మళ్ళీ పెట్టాడు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. మోకాళ్ళ దాకా మట్టి. ఇల్లాలు చెంబుతో నీళ్ళందిస్తూ అడిగింది.

“ఏం చూశారు?”

“చెబితే నువ్వు నమ్మవు.”

ఆమె చెంబు కింద పెట్టి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గుమ్మం దాటింది.

“ఆగు. ఉత్త చేతులతో కాదు,” అన్నాడాయన. పెరట్లోకి వెళ్ళి, రుబ్బురోలుకి ఒక పక్క చెయ్యి వేసి, రెండో పక్కకి ఆమె వచ్చేదాకా వంగే ఉన్నాడు.