రేవు మెట్టు మీద సూరమ్మ

రండమ్మా, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకున్న అన్నయ్యలూ, మీరూను. అక్కడ కూర్చుంటే ఫ్యాను చప్పుడే వినిపిస్తుంది, నా మాట వినిపించదు. కూర్చున్నారా? జెకర్యా అయ్యగారని ఒక పాస్టరుగారి సంగతి చెబుతాను. ప్రభువు మెచ్చే సంగతి.

అయ్యగారి దగ్గర ఫిలేమోను అనే యువకుడు సంఘసేవ నేర్చుకునేవాడు. అతనికి ప్రశ్నలెక్కువ, అయ్యగారికి జవాబులు తక్కువ. ఏదడిగినా "చూద్దాంలే" అనేవారు. ఒక శనివారం ఫిలేమోను సున్నం బకెట్టు పట్టుకుని వచ్చి అడిగాడు: "అయ్యగారూ, ఆత్మల్ని రక్షణలోకి నడిపించడం మన పని. కాలువ గొడవ మనకెందుకండీ?"

అలా అడగడానికి కారణం ఉంది. ఆ ఊళ్ళో రొయ్యల ఫ్యాక్టరీ కృపారావుగారిది. పెళ్ళితోపాటు విశ్వాసంలోకి వచ్చి, సంఘంలో పెద్ద అయిన మనిషి. ఫ్యాక్టరీ మురుగు ఒక గొట్టంలోంచి తిన్నగా పంట కాలువలో పడుతుంది. కాలువ నల్లబడింది, కాలువ గట్టునున్న పేటలో పిల్లలకి ఒళ్ళంతా పుళ్ళు పడ్డాయి. పేటవాళ్ళు పంచాయతీలో మొరపెట్టుకుంటే, ఆయన "నీళ్ళకేమొచ్చింది? శుభ్రంగా ఉన్నాయి" అనేసి లేచి వెళ్ళిపోయాడు.

ఆయన తల్లి సూరమ్మది గుండె జబ్బు. పోయేలోగా బాప్తిస్మం తీసుకోవాలని ఆవిడ పట్టు. ఆమె కోసమే కొడుకు గుడిలో పాలరాతి తొట్టి కట్టించాడు, వేడినీళ్ళ ఏర్పాటుతో సహా. తొట్టి వెనక గోడ మీద యేసుప్రభువు యొర్దానులో బాప్తిస్మం తీసుకుంటున్న బొమ్మ వెయ్యమని కెజియాకి చెప్పారు. కెజియా పేట పిల్ల. గోడల మీద వాక్యాలు రాసి బతుకుతుంది. ఆ పిల్ల యొర్దానుకి బదులు తమ కాలువ వేసింది. నల్లటి నీళ్ళు, వెల్లకిలా తేలిన చేపలు, పక్కన ఆ గొట్టం, మధ్యలో నడుంలోతున ప్రభువు! "ఆదివారానికల్లా సున్నం కొట్టించండి" అని కృపారావు కబురంపాడు. అదీ బకెట్టు సంగతి.

అయ్యగారు బకెట్టులోకి తొంగి చూశారు. "బాగానే కలిపావు. మీ వంటింటికి వేసుకో. బొమ్మ ఉంటుంది."

"తొట్టి కట్టించినాయనకి ఏం చెప్పమంటారండీ?"

"తొట్టి బాగుందని చెప్పు."

ఆదివారం గుడి నిండింది. సూరమ్మ తెల్లచీర కట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని తొట్టి దాకా వచ్చింది. గోడ చూసి ఆగిపోయింది.

"ఇది మన రేవే కదే పిల్లా? కాపురానికొచ్చిన కొత్తలో ఇక్కడే బిందె తోముకునేదాన్ని. ఏసయ్య ఇందులో దిగాడా?"

"మన ఊరొస్తే ఇందులోనే దిగుతాడు మామ్మా," అంది కెజియా. "మేమంతా ఉన్నది అందులోనేగా."

"అయితే నన్ను ఈ చలవరాతి గంగాళంలో ముంచుతారేంటి? పదండి, ఆయన దిగిన చోటే దిగుతా."

కృపారావు నవ్వబోయాడు. "అమ్మా, నీ కోసం వేడినీళ్ళు పెట్టించానే!"

"వేడినీళ్ళు ఇంట్లో లేవట్రా?"

అయ్యగారు బైబిలు చంకన పెట్టుకుని అప్పటికే గుమ్మం దాటారు. సంఘమంతా పాట ఎత్తుకుని వెనకే నడిచింది. పేట మలుపులో డప్పులు కలిశాయి. "నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి" అని ఊరందరి ముందూ అన్న మనిషి ఇప్పుడు ఏమని ఆపుతాడు? ఆయనా నడిచాడు.

రేవులోకి అయ్యగారు ముందు దిగారు. తెల్లటి అంగీ మోకాళ్ళ దాకా నల్లబడింది. కోడలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సూరమ్మ కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఒక మెట్టు దిగింది. ఇంకో మెట్టుకి కాలు చాచింది.

"దిగొద్దమ్మా!" ఆ అరుపుకి డప్పులు ఆగిపోయాయి. "ఆ నీళ్ళు తగిలితే ఒళ్ళంతా పుళ్ళు పడతాయే! అసలే నీకు..."

తానేమన్నాడో కృపారావుకి అప్పుడు వినపడింది. బిడ్డను చంకనేసుకున్న పేట మనిషి ఒకావిడ గట్టు మీంచి అంది: "ఏం బాబూ, మా పిల్లలవి రాతి ఒళ్ళా?"

సూరమ్మ కొడుకు వంక చూసింది. కిందికీ దిగలేదు, పైకీ ఎక్కలేదు. ఆ మెట్టు మీదే చతికిలబడింది.

"ఆ గొట్టం కట్టెయ్. కట్టేదాకా నేనిక్కణ్ణించి లేవను. నీ తొట్టిలో మునిగి పరలోకం పోయాక, అక్కడ ఈ బిడ్డలు ఎదురొస్తే మొహం ఎక్కడ పెట్టుకోనురా?"

"లే అమ్మా, జనం చూస్తున్నారు."

"చూడనీ. ఎత్తుకుపోతావా? ఎత్తు, చూస్తాను!"

కెజియా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత కోడలు కూర్చుంది. తర్వాత ఆ బిడ్డ తల్లి. చూస్తుండగానే మెట్లన్నీ నిండాయి. అయ్యగారు నీళ్ళలో నిలబడే ప్రసంగం మొదలుపెట్టారు. ఎండ నడినెత్తికొచ్చింది. సూరమ్మకి ఊపిరి అందడం లేదు. ఎవరో మంచినీళ్ళ సీసా ఇవ్వబోతే తోసేసింది.

కృపారావు ఇక తట్టుకోలేక గట్టు వెంట ఫ్యాక్టరీకి పరిగెత్తాడు. గొట్టం రేవుకి ఎదురుగానే కనిపిస్తోంది. కాపలావాడు "మేనేజరుగారిని అడగాలండీ" అని నసిగాడు. కృపారావే పట్టుచొక్కాతో గొట్టం మూసే తుప్పు పట్టిన చక్రం పట్టుకున్నాడు. అతుకు ఊడి మురుగు నెత్తిన పడి ఆయన్ని నిలువెల్లా ముంచెత్తింది. మొహం తుడుచుకోలేదు, తిప్పడం మానలేదు. ధార సన్నబడింది, బొట్లుగా మారింది, ఆగింది.

తిరిగొచ్చిన కొడుకు తలని సూరమ్మ చీర చెంగుతో తుడిచింది. "నీళ్ళు తేరుకోనివ్వండి అయ్యగారూ, అప్పుడు దిగుతా. అందాకా చావను లెండి," అంది.

సాయంత్రం ఫిలేమోను అయ్యగారి అంగీ పిండుతూ దిగులుపడ్డాడు. "ఆదివారమంతా గడిచిపోయింది. బాప్తిస్మం మాత్రం జరగలేదండీ."

"జరగలేదని ఎవరన్నారు నీతో?" అన్నారు అయ్యగారు.

ఇళ్ళకి వెళ్ళేముందు ఒక్కటే మాట. నేను చెప్పిందంతా మరిచిపోయినా ఫర్వాలేదు. ఆ ముసలావిడ మెట్టు మీద కూర్చుంది చూశారూ, అది మాత్రం గుర్తుంచుకోండి. మీ ఊళ్ళోనూ నీళ్ళో, దారో, శ్మశానమో ఎవరో ఒకరు పాడుచేస్తూనే ఉంటారు. వెళ్ళి అక్కడ కూర్చోండి. లెమ్మంటే లేవకండి.