పాలరంగు నీళ్ళు, నీలాంబరం మూట

విశాఖపట్నంలో ఓ హోమియో డాక్టరమ్మ ఇంట్లో, ముందు గదిలో, ఆరడుగుల గాజుతొట్టి ఉండేది. అందులో ఉన్నవి మామూలు నీళ్ళు కావు, ఉప్పునీళ్ళు. అడుగున తెల్లటి ఇసుక, ఇసుక మీద చిల్లులు చిల్లులుగా రాళ్ళు, రాళ్ళ మీద పువ్వుల్లా విచ్చుకునే పగడాలు. ఆ సందుల్లో ఐదారు ప్రాణాలు కాపురం ఉండేవి.

అందరికీ పెద్ద శంఖం తాత. ఎవరో వదిలేసిన శంఖాన్నే ఇల్లు చేసుకుని, దాన్ని వీపున మోసుకు తిరిగే పీత. మీసాలమ్మ అనే ఎర్రచారల రొయ్య చేపలకి ఒళ్ళు శుభ్రం చేసిపెడుతూ, డాక్టరమ్మ ఫోనులో ఏం మాట్లాడిందో అందరికీ చేరవేస్తుండేది. నారింజరంగు చేపలు నారింజమ్మ, ఆమె మొగుడు ఓ రాతి మీద గుడ్లు పెట్టుకుని, పగలంతా వంతులేసుకుని రెక్కలతో విసురుతుండేవారు. సింహాద్రి అనే గోబీ జాతి చేపది ఇసుక జల్లెడ పట్టే పని. నోటినిండా ఇసుక తీసుకుని, అందులో దొరికిన తిండి మింగి, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తాడు. తొట్టి ముందువైపు, గాజు పక్కనే అతని బొరియ.

ఇక మిగిలినవాడు నీలాంబరం. బొటనవేలంత నీలం చేప. ఒంటికి మించిన నోరు.

ఓ సోమవారం పొద్దున లైటు వెలిగేసరికి నీళ్ళు పల్చటి మజ్జిగలా ఉన్నాయి.

"ఇదేంటి అక్కా, ఎదురుగా ఉన్న మా ఆయనే నాకు కనపడట్లేదు!" అంది నారింజమ్మ.

"నాకైతే గొంతులో ఏదో అడ్డంపడ్డట్టుంది," అంది మీసాలమ్మ.

అందరికంటే ముందు నీలాంబరం అందుకున్నాడు. "ఇందులో తెలీకపోవడానికేముంది వదినా? పొద్దస్తమానం ఇసుక ఎగజిమ్మేది ఎవరు? నీళ్ళు పాడవక ఏమవుతాయి?"

అందరూ సింహాద్రి వైపు తిరిగారు. అతను నోట్లో ఉన్న ఇసుకని గబుక్కున వదిలేశాడు.

"నేనా? నేను వచ్చిన దగ్గర్నించీ ఇదే పని చేస్తున్నాను కదా నీలాంబరం బాబూ. ఇన్నాళ్ళూ లేనిది ఇవాళెందుకొస్తుంది?"

"ఇన్నాళ్ళూ ఊరుకున్నాం గనక వచ్చింది! గుడ్లున్న ఇంటి పక్కన దుమ్ము రేపడానికి నీకు మనసెలా ఒప్పింది?"

గుడ్ల మాట వినగానే నారింజమ్మకి కోపం ముంచుకొచ్చింది. "నువ్వు పని మానెయ్ సింహాద్రీ. ఆ బొరియ ఖాళీ చేసి మూలకి పో. నీళ్ళు తేటపడేదాకా ఇసుక ముట్టుకున్నావంటే ఊరుకోను."

సింహాద్రి బొరియ వదిలేశాడు. మూలకి వెళ్ళి, మోటారు గొట్టం పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. ఇసుక తవ్వితేనే అతనికి తిండి. మానేస్తే పస్తే.

ఆ సాయంత్రం డాక్టరమ్మ కొన్ని నీళ్ళు తోడేసి, కొత్త ఉప్పునీళ్ళు పోసింది. కాస్త తెరిపి అనిపించింది. తెల్లారేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. బుధవారానికి పాలే. చేపలన్నీ పైకి చేరి, నీళ్ళ అంచున నోళ్ళు తెరుచుకుని గాలి పీల్చడం మొదలెట్టాయి. నారింజమ్మ మొగుడు విసిరి విసిరి అలిసిపోయాడు. గుడ్లలో నాలుగు తెల్లబడి రాలిపోయాయి.

డాక్టరమ్మ గాజుకి ముఖం ఆనించి చూసి, ఫోనులో ఎవరితోనో అంది: "శుక్రవారానికీ ఇలాగే ఉంటే ఈ రాళ్ళన్నీ బయటికి తీసి కడిగేస్తాను. ఇంకో దారి లేదు."

మీసాలమ్మ ఆ కబురు తెచ్చేసరికి నారింజమ్మ ఏడ్చేసింది. "రాళ్ళు తీస్తే నా గుడ్లో?"

అప్పుడు శంఖం తాత శంఖంలోంచి తల బయటపెట్టాడు. "ఏడవకమ్మా. ముందు ఒక మాట చెప్పు. సింహాద్రి ఇసుక ముట్టుకుని ఎన్నాళ్ళయింది?"

"మూడు రోజులు."

"మరి నీళ్ళలో తెలుపు తగ్గిందా, ముదిరిందా?"

"ముదిరింది తాతా."

"ఇసుక దుమ్ము గంటలో కిందికి దిగిపోతుంది. ఇది దిగట్లేదు. ఎక్కడో తిండి కుళ్ళుతోంది. కుళ్ళు మీద కంటికి కనపడని పురుగు పుడుతుంది, మనం పీల్చే గాలంతా అదే పీల్చేస్తుంది. నేను పుట్టిన చోట ఓసారి చూశాను ఇది."

"కుళ్ళేంత తిండి ఎక్కడిది తాతా? డాక్టరమ్మ వేసింది వేసినట్టు తినేస్తున్నాం," అంది మీసాలమ్మ.

"అందరం తింటున్నామా? ఒకడు రెండు బుగ్గలూ నింపుకుని రాళ్ళ వెనక్కి పోవడం నేను చూశాను. ఎక్కడికి పోతాడో నాకు తెలీదు. వాడే చూపిస్తాడు. ఇప్పుడు పైన గాలి పీలుస్తున్నాడు, మన మాట వాడికి వినపడదు. నేను చెప్పినట్టు చెయ్యండి. ఏం విన్నా ఎవరూ కదలకండి."

కాసేపటికి మీసాలమ్మ ఎత్తైన రాయెక్కి కేకేసింది. "వినండి! శుక్రవారం దాకా ఆగదట! ఇంకో గంటలో డాక్టరమ్మ రాళ్ళన్నీ తీసేస్తుందట! ఎవరైనా ఏదైనా దాచుకుని ఉంటే ఇప్పుడే తీసుకోండి!"

ఎవరూ కదల్లేదు. నీలాంబరం మాత్రం అటూ ఇటూ చూసి, రివ్వున ఎడమపక్క రాతి వెనక్కి దూరాడు. కాసేపటికి నోరు ఉబ్బించుకుని బయటికొచ్చాడు. రాళ్ళు తీసినా ఇసుకలో బొరియ ఉంటుందనుకుని, నేరుగా సింహాద్రి ఖాళీ బొరియలోకి వెళ్ళి, నోట్లోది కక్కేసి మళ్ళీ వెనక్కి పరిగెత్తాడు. అలా పదిసార్లు, పన్నెండుసార్లు. అవన్నీ తిండి గుళికలే. ఉబ్బి, మెత్తబడి, బూజు పట్టి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆఖరి మూటతో బయటికొచ్చేసరికి బొరియ ముందు శంఖం తాత నిలబడి ఉన్నాడు.

"ఏం మోస్తున్నావు బాబూ?"

నోరు తెరిస్తే జారిపోతుంది, మూస్తే ఊపిరాడదు. నీలాంబరం తట్టుకోలేక దగ్గాడు. కుళ్ళు ముద్ద అందరి ముందూ పడింది.

"నీలాంబరం! మూడు రోజులుగా నా పిల్లలు చస్తోంది దీనివల్లనా?" అంది నారింజమ్మ.

"రేపు తిండి వెయ్యకపోతే ఏం చేస్తానని భయమేసింది వదినా. ఇంత పనవుతుందని మొదట్లో తెలీదు."

"మొదట్లో తెలీదు సరే. తెలిశాక?" అన్నాడు తాత.

నీలాంబరం తోక తిప్పుకుని రాతి వెనక్కి తప్పుకున్నాడు.

సింహాద్రి బొరియ గాజు పక్కనే ఉందని చెప్పాను కదా. సాయంత్రం తొట్టి చూడ్డానికొచ్చిన డాక్టరమ్మకి ఆ బూజు కుప్ప కొట్టొచ్చినట్టు కనపడింది. "ఓరి దేవుడా, ఇదా సంగతి!" అని సన్నటి ట్యూబు పెట్టి అంతా లాగేసింది. ఎడమపక్క రాతి వెనకాల మిగిలిందీ లాగేసింది. నాలుగు బకెట్ల నీళ్ళు మార్చి, గాలి బుడగల గొట్టం వేసింది. ఒక్క రాయి కూడా తియ్యలేదు.

గురువారం మధ్యాహ్నానికి నీళ్ళు మళ్ళీ మజ్జిగ తేటలా పల్చబడ్డాయి. శుక్రవారం పొద్దున లైటు వెలిగితే అటు చివరి గోడ మీద కేలండరు కూడా కనపడింది. పగడాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పైకి చేరిన చేపలు కిందికి దిగాయి. మిగిలిన గుడ్లలో చిన్న చిన్న వెండి కళ్ళు మెరుస్తున్నాయి. నారింజమ్మ వాటిని రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆమె మొగుడు మూడు రోజుల తర్వాత మొదటిసారి కాసేపు విసరడం ఆపి పక్కకి వాలాడు.

నారింజమ్మ మూలకి వెళ్ళింది. "సింహాద్రీ, ఏమీ చూడకుండా నిన్ను నానా మాటలన్నాను. పొట్ట అంటుకుపోయింది నీకు. రా, ఇంటికి రా."

"గుడ్లు బాగున్నాయా నారింజమ్మా?"

"బాగున్నాయి."

"అయితే నాకు ఆకలేస్తోంది," అని అతను లేచాడు.

ఆ రోజు నుంచి డాక్టరమ్మ తిండి తగ్గించి, చిటికెడే వేసేది, వేసింది తినేదాకా నిలబడి చూసేది. నీలాంబరం దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. అందరూ చూస్తుండగా తన వంతు ఒక్క గుళిక నోట్లో వేసుకుని, అక్కడే నమిలి మింగి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా మోటారు గొట్టం పక్కకి పోయేవాడు.

అందరూ పీల్చే నీళ్ళలో దొంగచాటుగా దాచుకున్నది, నింద ఎవరి మీద వేసినా, చివరికి దాచినవాడి గొంతుకే అడ్డం పడుతుంది.