కాలువల ఆఫీసు వెనక అరెకరం

సీతంపల్లి కాలువల ఆఫీసులో కోదండపాణి అనే ఇంజనీరు ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, తన శాఖ స్థలం మీద పరాయివాళ్ళ నీడ పడినా ఓర్చుకోలేకపోయేవాడు.

ఆఫీసు వెనక అరెకరం ఖాళీ నేల ఉంది. అందులో తుమ్మపొదలూ రెండు ముంగిసలూ తప్ప ఏమీ లేవు. అయినా మేక దూరితే చాలు, ఆయన కర్ర పుచ్చుకుని పరుగెత్తేవాడు.

పక్క వీధిలో అంగన్‌వాడీ టీచరు సువార్తమ్మ ఇరుకు వరండాలో ఇరవైమంది పిల్లల్ని కూర్చోబెట్టేది. వానొస్తే అందరూ తడిసేవారు. ఒకరోజు ఆమె వచ్చి, "సారూ, ఆ ఖాళీ జాగాలో మాకు రెండు గదులు కట్టించుకోనివ్వండి," అని అడిగింది.

"అది మా శాఖ భూమమ్మా! ఇవ్వడానికి వీల్లేదు," అన్నాడు కోదండపాణి.

ఆ నెలలోనే కలెక్టరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అవసరం లేని భూమి ఎంత ఉందో ప్రతి శాఖా రాసి పంపాలట. "మా దగ్గర సెంటు కూడా మిగులు లేదు," అని రాసేశాడు కోదండపాణి. అంతటితో ఆగక, కంచె వేయించాలని సర్వేయరును కూడా పిలిపించాడు.

సర్వేయరు మస్తాన్ పాత పటం ముందేసుకుని, గొలుసు లాగి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. చివరికి తల గోక్కుంటూ లోపలికొచ్చాడు.

"సార్, వెనక అరెకరం మీదే. అనుమానం లేదు."

"నే చెప్పలా!"

"కానీ ఆఫీసున్న ఈ జాగా మీది కాదు. నలభై ఏళ్ళ కిందటే దీన్ని శిశు సంక్షేమ శాఖకు, అంటే అంగన్‌వాడీల శాఖకు ఇచ్చారు. మీవాళ్ళు హద్దు తప్పి కట్టేశారు. మీ కుర్చీ కూడా వాళ్ళ భూమిలోనే ఉంది సార్!"

కోదండపాణి నిప్పుల మీద కూర్చున్నట్టు దిగ్గున లేచాడు.

సాయంత్రానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. మర్నాడు సువార్తమ్మ గుమ్మంలో కనబడగానే ఆయన కుర్చీ వదిలి లేచి నిలబడ్డాడు.

"ఖాళీ చెయ్యమంటారా అమ్మా?" అన్నాడు నీరసంగా.

ఆమె పకపకా నవ్వింది. "మీ బీరువాలు రోడ్డున పడేస్తే మాకేం వస్తుంది సారూ? పైర్లకు నీళ్ళొదిలే ఆఫీసు ఊరికి అక్కర్లేదా? ఇది మీరే ఉంచుకోండి. వెనక నేల మాకిప్పించండి, చాలు."

కోదండపాణికి సిగ్గేసింది. అప్పటికప్పుడు కలెక్టరుకు మళ్ళీ రాశాడు: "నా మొదటి జవాబు తప్పు. అరెకరం మిగులుంది. పిల్లలకు ఇప్పించండి."

ఏడాది తిరగకుండా గదులు లేచాయి. పిల్లల పాటలు కిటికీలోంచి వినబడుతుంటే ఆయన ఫైలు చూడడం మరిచి తలాడించేవాడు.

ప్రజల ఆస్తికి మనం కాపలాదారులమే కానీ సొంతదారులం కాము. మనకు అక్కరలేనిదాన్ని అక్కర ఉన్నవాళ్ళకు అందించడమే అసలైన కాపలా.