తవిటమ్మ కత్తి

అనగా అనగా, కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఏటికి అవతల ఒక వెదురుకోన, ఇవతల ముప్పై గడపల మేదర పల్లె. ఆ పల్లెలో తవిటమ్మ అనే మనిషి ఉండేది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. అందుకని ఆమెను చేటెడు తవుడుకు పొరుగింటికిచ్చేసి, మళ్ళీ అడిగి తెచ్చుకున్నారు. తవుడుపాటి పిల్ల కదా అని చావు చిన్నచూపు చూసి వదిలేస్తుందని నమ్మకం. అలా వచ్చింది ఆ పేరు.

తవిటమ్మకు పొలమా, పుట్రా? ఉన్నదల్లా రొంటిన దోపుకున్న ఒక చిన్న కత్తి. నూరీ నూరీ వేలెడు వెడల్పుకు అరిగిన అలుగు, తుమ్మకర్ర పిడి, తానే అల్లుకున్న వెదురు ఒర. దానితోనే బద్దలు చీల్చేది, మామిడికాయ కోసేది, పిల్లల కాళ్ళలో ముళ్ళు తీసేది, మేక ఈనితే బొడ్డు కోసేది. ఇంకా ఎన్నాళ్ళే ఆ అరిగిపోయిన కత్తి, కొత్తది కొనుక్కోరాదా అని ఎవరైనా అంటే, ఒర మీద చెయ్యి వేసి ఒక్క మాటే అనేది.

"నాది నాకు సాలు."

ఆమె తల్లికి చూపు లేదు. చూపు లేకపోయినా బుట్టలు అల్లేది. కత్తి చేతికిస్తే ఎక్కడ తెగుతుందోనని తవిటమ్మ దాని మొన నేలలో గుచ్చి, పిడి పైకి ఉంచి, "అదిగోనమ్మా" అనేది. తల్లి తడుముకుంటే పిడే దొరికేది. తల్లి పోయి ఏళ్ళు గడిచినా ఆ అలవాటు పోలేదు. ఎవరు కత్తి అడిగినా నేలలో గుచ్చేది. ఎవరు ఇవ్వబోయినా కింద పెట్టమనేది. దీని చాదస్తం పాడుగాను అని పల్లెంతా నవ్వుకునేది.

ఆమె మొగుడు అసిరయ్య మంచివాడే, పనిమంతుడే. కత్తుల దగ్గర మాత్రం కుదురు లేదు. ఒకటి బరువంటాడు, ఒకటి తేలికంటాడు, ఇంకొకటి పిడి కుదరలేదంటాడు. సంతలో కొత్తది కొంటే మూడు రోజులు మురుస్తాడు, నాలుగో రోజు పక్కవాడి మొలవైపు చూస్తాడు. పెళ్ళాన్ని మాత్రం ఎలా మార్చకుండా ఉంచుకున్నావయ్యా అని తవిటమ్మ ఆటపట్టించేది.

ఆ కోనకు ఒక చెడ్డపేరు ఉంది. మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ళ కింద ముడుచుకునే వేళ, అక్కడ ఎవరూ నిలవరు. అంతకుముందు ఇద్దరు నిలిచారు. తిరిగి రాలేదు. వాళ్ళ కత్తులు మాత్రం దారిలో పారేసి ఉన్నాయి. అప్పటినుంచి ఆ వేళకు కోనలో టక్, టక్ అని రెండు చోట్ల వెదురు నరుకుతున్న చప్పుడు. నరికిన వెదురు ఒక్కటీ బయటికి రాలేదు.

ఒకరోజు అసిరయ్య కోనకు వెళ్ళి తిరిగి రాలేదు. మర్నాడు తవిటమ్మ వెతుక్కుంటూ వెళ్ళింది. వారం కిందట సంతలో కొన్న అతని కత్తి దారిలో పడి ఉంది. నీడ ముడుచుకుంది. చప్పుళ్ళు మొదలయ్యాయి. ఇప్పుడు మూడు చోట్ల. ఆ మూడోది ఆమె ఎరిగినదే. రెండు దెబ్బలు వేసి, ఊపిరి పీల్చుకుని, మూడోది వేయడం అసిరయ్య అలవాటు. ఇంటికి రమ్మని ఎంత పిలిచినా చప్పుడు ఆగలేదు.

అప్పుడు రెండు వెదుళ్ళ మధ్య నుంచి, భుజమెత్తున, ఒక చెయ్యి వచ్చింది. వెనక మనిషి లేడు. చేతిలో వెండి పిడి కత్తి, పిడి ఆమె వైపు.

"తీసుకో," అంది ఒక గొంతు. ఆ మాటకు ఊరు లేదు. ఈ వైపు యాసా కాదు, ఆ వైపుదీ కాదు.

తవిటమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "కింద పెట్టు."

"చేతికందుకో."

"నాది నాకు సాలు."

చెయ్యి వెనక్కి పోయింది. నీడ సాగగానే చప్పుళ్ళు ఆగాయి. పొదలన్నీ వెతికితే ఎవరూ లేరు.

రెండో రోజు మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ చెయ్యి వచ్చింది. ఈసారి దంతపు పిడి కత్తి. దాని నీడ తగిలి ఒక వెదురాకు రెండుగా తెగి రాలింది. తవిటమ్మ కింద పెట్టమంది. చెయ్యి చేతికందుకోమంది. నాది నాకు సాలని ఆమె అంది. రాలుతున్న ఆకు కోసం ఆ చెయ్యి కిందికి వచ్చి, నేల తాకితే ముప్పన్నట్టు జానెడు ఎత్తున చటుక్కున ఆగిపోవడం ఆమె చూసింది.

మూడో రోజు వచ్చిన చెయ్యి ఖాళీగా ఉంది.

"నా దగ్గర వెయ్యి కత్తులున్నాయి," అంది గొంతు. "ఒక్కటీ నాకు చాలదు. చాలిన కత్తి ఎలా ఉంటుందో నేను చూడలేదు. నీది నా చేతికియ్యి. నీ మగణ్ణి ఇస్తాను."

తవిటమ్మ ఒర మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కోనలో అసిరయ్య రెండు దెబ్బలు వేసి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి నిన్నటికన్నా బరువుగా ఉంది. రేపటికి ఉంటుందో ఉండదో. తమ కత్తి పారేసి ఆ చేతినుంచి కొత్తది అందుకున్నవాళ్ళే ఇలా చిక్కారని ఆమెకు తట్టింది. చేతికిస్తే వేళ్ళు తగులుతాయి, తగిలితే తను నాలుగో చప్పుడవుతుంది. కత్తి బయటికి తీసింది. మొగుడి కోసమే అయినా ఆ కత్తిని వదలడానికి ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత వంగి దాని మొన నేలలో గుచ్చి, పిడి పైకి ఉంచి, ఎప్పటి మాటే అంది.

"అదిగోనమ్మా."

చెయ్యి దిగింది. జానెడు ఎత్తున ఆగింది.  తర్వాత గుడ్డివాళ్ళు తడుముకున్నట్టు తడుముకుంటూ నేలకు దిగి పిడి పట్టుకుంది. అంతే, నేల తాకగానే చెయ్యి మట్టిలోకి లాగేసినట్టు మాయమైంది. పిడి మాత్రం రెండు వేళ్ళ మేర లోపలికి దిగింది.

ఒక చప్పుడు ఆగింది. రెండోది ఆగింది. మూడోది ఆగింది. అరచేతులు రెండూ బొబ్బలెక్కి, అసిరయ్య పొదలోంచి నడిచి వచ్చాడు. తక్కిన ఇద్దరి చోటా వెదురు పొట్టు కుప్పలు తప్ప ఏమీ దొరకలేదు.

అసిరయ్య మళ్ళీ సంతలో కత్తివైపు చూడలేదు. దారిలో పారేసిన కత్తినే తెచ్చుకుని అదే వాడుకున్నాడు. తవిటమ్మ ఎవరి కత్తి దొరికితే దానితో పని చేసుకునేది. కానీ మాటిమాటికీ చెయ్యి ఖాళీ ఒర మీదికి పోయేది. అది చూడలేక అసిరయ్య ఒకనాడు ఆ కత్తి పెరికి తెద్దామని, ఆమెకు చెప్పకుండా కోనకు వెళ్ళాడు. పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. అడుగు నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది. రెండు చేతులా లాగాడు. అప్పుడు మట్టిలోంచి గొంతు వచ్చింది, మెల్లగా.

"నాది నాకు చాలు."

అసిరయ్య పరుగెత్తుకొచ్చి జరిగింది చెప్పాడు. తవిటమ్మ రొంటిన ఉన్న ఖాళీ ఒరను ఒక్కసారి తడిమింది. "పోన్లే, ఉంచుకోనీ," అంది. ఆ తర్వాత ఆమె చెయ్యి ఒర మీదికి పోవడం ఎవరూ చూడలేదు.

ఆమె పోయినప్పుడు ఆ ఖాళీ ఒరలో ఒక వెదురు బద్ద పెట్టి, రొంటిన దోపి సాగనంపారు. ఇప్పటికీ ఆ పల్లెలో ఎవరు పోయినా రొంటిన వెదురు బద్ద దోపుతారు. ఇప్పటికీ అక్కడ కత్తి చేతికివ్వరు. మొన నేలలో గుచ్చి "తవిటమ్మా" అంటారు. తీసుకునేవాళ్ళు "సాలు" అని తీసుకుంటారు. ఆ మాట మరిచిపోయి తీసుకుంటే, ఏటి అవతల టక్ మని ఒక్క చప్పుడు వినిపిస్తుందట. అది విని కత్తిని మళ్ళీ నేలలో గుచ్చి, ఆ మాట అని, అప్పుడు తీసుకుంటారు.